పెద్దమ్మ వినని ప్రసంగాలు

మొన్న ఆదివారం సాయంత్రం టెక్కలిలో మా ఇంటికి ఒక యువ పాస్టరుగారు, ఆయన భార్య వచ్చారు. ఆయన చేతిలో సెల్‌ఫోను ఉంది. ఆవిడ చేతుల్లో చంటిపిల్లాడు, పిల్లాడి సంచి, కరపత్రాల కట్ట, నా కోసం తెచ్చిన కమలాపళ్ళు ఉన్నాయి. కూర్చోండన్నాను. ఆయన కూర్చున్నాడు. ఆవిడ పిల్లాణ్ణి ఆయన పక్కన దించబోతే వాడు రాగం తీశాడు, మళ్ళీ ఎత్తుకుని నిలబడింది. నీ పేరేంటమ్మా అని అడిగాను. "మా మిసెస్ మేడమ్. మీ కాలేజీలోనే డిగ్రీ చదివింది" అని ఆయన జవాబిచ్చాడు. పేరు మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఈలోగా కరపత్రం నా చేతికొచ్చింది.

నున్నటి కాగితం. పైన రెండు హంసలు, వాటి మధ్య ఒక శిలువ, రెండు ఉంగరాలు. "క్రైస్తవ ప్రేమ: బలమైన దాంపత్యానికి పునాది" అని బంగారు రంగు అక్షరాలు. కింద మా దావీదు పెదనాన్న ఫొటో. దాంపత్య జీవితం మీద ఊరూరా ప్రసంగాలు చేసి, ప్రభువునందు నిద్రించిన సంఘపెద్ద దావీదుగారి జ్ఞాపకార్థం పలాసలో ఏసీ ఫంక్షన్ హాల్లో దంపతుల కూటం పెడుతున్నారట. భార్యాభర్తలు ఒకే రంగు బట్టలు వేసుకుని రావాలట. ఉత్తమ జంటకు బహుమతి కూడా ఉందట. నేను పెదనాన్న తమ్ముడి కూతుర్ని, ఆయన ఇంట్లో ఉండి చదువుకున్నదాన్ని, కాలేజీలో పాఠాలు చెబుతూ ఏవో నాలుగు పుస్తకాలు రాసినదాన్ని కాబట్టి ఆయన ఆదర్శ దాంపత్యం గురించి పది నిమిషాలు మాట్లాడాలట. నాకు నవ్వొచ్చింది. ఒప్పుకున్నాననుకుని ఆయన కూడా నవ్వాడు. కరపత్రం తిరగేసి చూశాను. దాంపత్యం అన్నాక ఇంకో మనిషి ఉండాలి కదా, ఆ మనిషి పేరు ఎక్కడా లేదు. మా పెద్దమ్మ చచ్చిపోలేదు, సోంపేటలో నిక్షేపంలా ఉంది. ఆవిడను పిలిచారా అని అడిగితే, "పెద్దావిడ కదా మేడమ్, ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నాడు. ఆహా, ఎంత దయ! ఆవిడను ఇబ్బంది పెట్టడానికి మొహమాటపడిన మొదటి మనిషి ఈయనే.

ఇంటర్మీడియట్‌కని మా నాన్న నన్ను కాశీబుగ్గలో అన్నగారింట్లో దింపి వెళ్ళిన రోజుల సంగతి చెబుతున్నాను. మాకు సోంపేట దగ్గర కొంచెం జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు ఉండేవి. పెదనాన్న ఏదో సర్కారీ ఆఫీసులో గుమాస్తా. వాళ్ళకు పిల్లల్లేరు. రెండు గదుల ఇల్లు, వెనక వంటపాక. తెల్లారేసరికి జీడిపిక్కలు కాల్చే పొగ వీధంతా కమ్ముకునేది. కొత్తలో ఆ ఘాటుకు కళ్ళు మండేవి, తర్వాత సెలవులకు మా ఊరెళ్తే గాలి చప్పగా అనిపించేది. పెద్దమ్మ పేరు రాహేలమ్మ, వీధివాళ్ళ నోట రాయేలమ్మ. మధ్యాహ్నం పూట బట్టీ నుంచి జీడిపప్పు తెచ్చుకుని, గుమ్మంలో కాళ్ళు చాపుకుని చిన్న చాకుతో పొట్టు తీసేది. ఆ ఎర్రటి పొట్టు ఆవిడ చీర మడతల్లో, జడలో, ఒక్కోసారి కూరలో కూడా కనిపించేది. పప్పు గుండుకు, అంటే విరగని నిండు పప్పుకు, ఒక్క గాటు పడకుండా తీసేది కానీ ఒక్క పలుకు నోట్లో వేసుకోగా నేను చూడలేదు. అది బట్టీవాళ్ళ సొత్తు అనేది.

పొద్దున్నే పెదనాన్న ముందుగదిలో చాప మీద మోకాళ్ళూని కుటుంబ ప్రార్థన చేసేవాడు. కుటుంబం అంటే ఆయన, నిద్రకు తూగుతున్న నేను. పెద్దమ్మ వంటపాకలో కాఫీ పెడుతూ ఉండేది. ఆయన లోకంలోని దేశాలన్నిటినీ, వాటి నాయకులందర్నీ, జబ్బుపడ్డవాళ్ళందర్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పి గొంతు దించేసరికి, గోడవతల నుంచి సరిగ్గా సమయానికి "ఆమేన్" వినిపించేది. ఆ వెంటనే కాఫీ గ్లాసు వచ్చేది. ఆయన చెప్పింది ఒక్క ముక్కైనా ఆవిడకు వినబడిందా అంటే అనుమానమే. పాలు పొంగడం, ప్రార్థన ముగియడం ఒక్కసారే జరిగేటట్టు ఆవిడ చెయ్యి అలవాటుపడిపోయింది.

పెదనాన్న ఆవిణ్ణి "ఒలే" అనేవాడు, ఎవరైనా ఉంటే "ఇదిగో" అనేవాడు. ఆవిడ ఆయన పేరు ఎత్తేదే కాదు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకకపోవడం వింతేమీ కాదు. కానీ ఆ మొగుడి పేరు దావీదు అయి, ఆ పెళ్ళాం బైబిలు చదివే మనిషైతే పడే పాట్లు చూడాలి. సాయంత్రం ప్రార్థనలో నేను వంతు తప్పించుకుంటే ఆవిడ చదివేది. దావీదు అన్న మాట రాగానే గొంతు తడబడి "ఆ గొర్రెలు కాసిన రాజు" అనేది. క్రిస్మస్ కథలో దావీదు పట్టణం వస్తే "ఆరి ఊరు" అనేది, అంటే వారి ఊరు. గుడ్డివాడు దావీదు కుమారుడా అని కేకవేసే చోట, "ఆరి కుమారుడా" అని చదివి, ఏసుప్రభువును తన కడుపున పుట్టించేసేది. నేను పమిట నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. పెదనాన్న నవ్వేవాడు కాదు. భార్య విధేయతకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని ప్రసంగాల్లో ఈ ముక్కే చెప్పి మురిసిపోయేవాడు. పెళ్ళినాడు పాస్టరు చెప్పించిన ప్రమాణంలో కూడా ఆవిడ మొగుడి పేరు దగ్గర దగ్గేసిందట. అదీ ఆయనకు గొప్పే.

ఇక ఆ దంపతుల కూటాల వైభవం. కోతలయ్యాక మొదలయ్యేవి. సుమ్మాదేవి, సంతబొమ్మాళి, సోంపేట, ఏ ఊళ్ళో సంఘం పిలిస్తే ఆ ఊరు. పెదనాన్న గంజిపెట్టిన తెల్ల లాల్చీ వేసుకుని, గొడుగు చంకన పెట్టుకుని ముందు నడిచేవాడు. వెనక పెద్దమ్మ, నేను, పెద్ద పెద్ద వంట డేగిసాలు, గరిటెలు, ఉల్లిపాయల బస్తా. జీడితోటలో పందిరి వేసేవారు. పందిట్లో మగాళ్ళు చాపల మీద కూర్చునేవారు. వాళ్ళ పెళ్ళాలు పందిరి వెనక పొయ్యిల దగ్గర ఉండేవారు. అంతమందికి అన్నం, పప్పు, కోడికూర వండాలంటే మాటలా! దంపతుల కూటానికి దంపతులు వచ్చేవారు నిజమే, ప్రేమ గురించి వినేది మాత్రం సగమే. పొయ్యి దగ్గర పచ్చికట్టెల చిటపటలో, గిన్నెల చప్పుడులో మైకు గోల తప్ప మాట వినబడేది కాదు. నేను పాటలు పాడే గుంపులో దాన్ని కాబట్టి పందిట్లోనే కూర్చునేదాన్ని, అన్నీ విన్నాను. ఇంట్లో "ఒలే, నీల్లు" తప్ప పలకని మనిషి మైకు ముందు గ్రాంథికంలో గంగలా పొంగేవాడు. భర్త భార్యను తన సొంత శరీరంలా చూసుకోవాలనేవాడు. భోజనం ఇద్దరూ ఒక్కసారే చెయ్యాలనేవాడు. ఇంటికొచ్చాక తను తిని లేచి, చెయ్యి కడుక్కోవడానికి చెంబు కోసం కేకేసేవాడు. ఆ చెంబు తెచ్చే మనిషి ఇంకా తినలేదన్న సంగతి ఆయన ప్రసంగంలో ఏ అధ్యాయంలోనూ లేదు.

ఆయన మరీ ముచ్చటపడే ఉపమానం ఇల్లు కట్టడం. ఇసుక మీద కట్టిన దాంపత్యం కూలిపోతుంది, బండ మీద కట్టింది నిలబడుతుంది అని చెయ్యెత్తి చెప్పేవాడు. చెప్పేది ఎవరికి? సముద్రం ఒడ్డున ఉద్దానంలో జనానికి. అక్కడ పలుగు దింపితే వచ్చేదంతా ఇసుకే. రాయి కావాలంటే లారీ మీద రావాలి. వినేవాళ్ళ తాతల నాటి ఇళ్ళన్నీ ఆ ఇసుక మీదే నిలబడి తుఫాన్లు చూశాయి. ఒకసారి ఒక ముసలాయన లేచి, మా ఊళ్ళో బండ నేదు కదా బాబూ, మరి మా సంగతేటి అని నిజంగానే అడిగాడు. పెదనాన్న అది ఆత్మీయంగా తీసుకోవాలన్నాడు. ముసలాయన అలాగేనని కూర్చుని బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

ఆ ఏడే సుగుణ మా ఇంటికొచ్చింది. సంతబొమ్మాళి వైపు పిల్ల, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. మొగుడు ఐసు ఫ్యాక్టరీలో పని, సాయంత్రం తాగుడు. వాడు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి పోయింది. ఏదైనా చెబితే కుడివైపుకు తిరిగి, తల వంచి వినేది. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటే వాళ్ళే తీసుకొచ్చి, మీరే నచ్చజెప్పండని పెదనాన్న ముందు నిలబెట్టి వెళ్ళిపోయారు. పిల్లను పంపడానికి దేవుడి నోటితో అనుమతి కావాలి కదా. పెద్దమ్మ తన చాప పక్కన ఇంకో చాప వేసింది, మర్నాటి నుంచి పక్కన కూర్చోబెట్టుకుని పొట్టు తీయడం నేర్పింది. సుగుణ పప్పు గుండ్లు విరగ్గొట్టేది, ఆ ముక్కల్ని పెద్దమ్మ తన వాటాలో కలుపుకునేది. వినబడని చెవి వైపు ఎప్పుడూ కూర్చునేది కాదు.

పెదనాన్నకు మాత్రం ఆ పిల్లలో ఒక ప్రసంగం కనిపించింది. సుమ్మాదేవి కూటంలో అందరి ముందు ఆ మొగుడూ పెళ్ళాల చేతులు కలుపుతానని, అది చూసి పది కుటుంబాలు బాగుపడతాయని ఊదరగొట్టాడు. మొగుడికి కబురెళ్ళింది. వాడు మారానని కబురంపాడు. సుగుణ అన్నం ముందు కూర్చుని, "ఈసారి ఎల్తే సంపేత్తాడమ్మా" అంది పెద్దమ్మతో. ఏడవలేదు, రేపు వాన పడుతుందన్నట్టు చెప్పింది. మర్నాడు కాఫీ ఇస్తూ పెద్దమ్మ గోడకేసి చూసి, ఆ గుంటని పంపొద్దని ఆరితో చెప్పమంది నాతో. వారు ఎదురుగానే ఉన్నారు. పెదనాన్న గ్లాసు కింద పెట్టి, "నీకేటి తెల్సు. ప్రేమ అన్నాక అన్నీ ఓర్సుకోవాల" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఓర్చుకోవడం అనే మాట ఎప్పుడూ ఆయనే పలికేవాడు, ఆ పని మాత్రం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

సుమ్మాదేవిలో రైలు స్టేషనుకు దగ్గరలోనే తోట. పందిరి నిండా జనం. సుగుణను వేదిక ఎక్కించారు. వాడు కొత్త చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. పెదనాన్న సుగుణ చెయ్యి పట్టుకుని వాడి చేతిలో పెట్టబోయాడు. క్షమించాను అని మైకులో చెప్పమన్నాడు. చెవి వినపడక అనుకుంటా, ఆ పిల్ల తల అటు తిప్పి, ఇటు తిప్పి, పందిరి వెనకకు చూసింది. నేను పాటల గుంపులోంచి లేచి పొయ్యిల దగ్గరకు పరుగెత్తాను. సుగుణని ఇచ్చేత్తన్నారు పెద్దమ్మా అన్నాను. ఆవిడ అన్నం డేగిసాలో తెడ్డు పెట్టి తిప్పుతోంది. తెడ్డుతో సహా వచ్చేసింది.

మగాళ్ళ చాపల మధ్యనుంచి నడిచింది. ఎప్పుడూ ఏ ఆడమనిషీ అటు నడవలేదు, కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. వేదిక ముందు ఆగింది. "దావీదూ" అంది. గట్టిగా కూడా అనలేదు. ఎక్కడో పిల్లాడొకడు కిసుక్కున నవ్వితే వాళ్ళ నాన్న నెత్తిమీద ఒక్కటిచ్చాడు. "దావీదూ, ఆ గుంట సెయ్యి ఒగ్గీ" అంది. ఆయన వదిలేశాడు. వదలాలని అనుకున్నట్టు లేదు, చెయ్యే వదిలేసింది. పెద్దమ్మ సుగుణను దింపుకుని, వచ్చిన దారినే పొయ్యి దగ్గరకు తీసుకెళ్ళి, ముందర ఉల్లిపాయలు పోసి కొయ్యమంది. మొగుడు కాసేపు కొత్త చొక్కా గుండీలు సవరించుకుని, తోక ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అన్నం అడుగంటింది. మాడు వాసన అంటూనే మహానుభావులందరూ రెండేసి సార్లు వడ్డించుకున్నారు.

తర్వాత జరిగింది ఇప్పటికీ తలుచుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. సంఘపెద్దలు కూర్చున్నారు. కొంపలు మునిగినంత చర్చ. ఆ పిల్ల చెవి గురించి కాదు, వాడి తాగుడు గురించి కాదు. భార్య భర్తను సభలో పేరు పెట్టి పిలవవచ్చునా అన్నది. బైబిలు ఇటు తిప్పారు, అటు తిప్పారు. శారా తన భర్తను యజమానుడని పిలిచిందని ఒకాయన తేల్చాడు. పెద్దమ్మను పిలిచి క్షమాపణ అడగమన్నారు. ఆవిడ కొంగు భుజాన కప్పుకుని నిలబడి, "పేరెట్టింది పిలవడానికి కాదేటి?" అంది. అంతే. ఆవిణ్ణి ప్రభువు బల్లకు దూరం పెట్టారు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచుతారు కదా, అది ఆవిడకు ఇవ్వకూడదు. సుగుణ మొగుడు ఆ నెలలోనే వాళ్ళ ఊళ్ళో బల్ల తీసుకున్నాడని తెలిసింది. చెవి పగలగొట్టినవాడు పనికొచ్చాడు, పేరు పలికినావిడ పనికిరాలేదు.

ఇందులో మరీ విడ్డూరం ఒకటుంది. ఆ ద్రాక్షరసం చేసేది పెద్దమ్మే. ముందురోజు ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పలచని గుడ్డలో పిండి, సీసాలో పోసి పెట్టేది. వంటపాకంతా తియ్యటి వాసన వచ్చేది. ఆవిణ్ణి దూరం పెట్టిన పెద్దమనుషులకు ఆ పని ఇంకొకరికి చెప్పాలని తట్టనే లేదు. ఆవిడ కూడా మానలేదు. ఆ మొదటి నెల పెదనాన్న సీసా పట్టుకెళ్ళాడు, పళ్ళెం పట్టుకుని అందరికీ పంచాడు, పెద్దమ్మ కూర్చున్న చాప దగ్గర పళ్ళెం ఆమె మీదుగా పక్కావిడకు అందించాడు. ఇంటికొచ్చాక ఆవిడ అన్నం వడ్డిస్తూ, "రసం పులవనేదు కదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అడిగింది, ఎండలు ముదిరాయి మరి. పెదనాన్న కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి లేచిపోయాడు.

రెండో నెల అప్పటి పాస్టరుగారు చివర్లో, పంచినవాళ్ళకు ఇచ్చే సమయంలో, పెదనాన్న ముందుకు పళ్ళెం చాపారు. పెదనాన్న తల అడ్డంగా ఊపాడు. వినపడలేదేమోనని పాస్టరుగారు మళ్ళీ చాపారు. మళ్ళీ ఊపాడు. మూడో నెలా అంతే. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు, పెద్దమ్మకు కూడా చెప్పలేదు. మగాళ్ళ వైపు ముందు చాప మీద, ఆకలేసినవాడిలా కళ్ళు దించుకుని కూర్చునేవాడు. సంఘపెద్దే బల్ల తీసుకోకపోతే ఎలాగని గుసగుసలు పుట్టి, చివరికి మిగిలినవాళ్ళే దిగొచ్చి పెద్దమ్మ మీద ఆంక్ష ఎత్తేశారు. ఆ నెల ఇద్దరూ తీసుకున్నారు. నేను ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఇది మాత్రం కాదనలేను. దాంపత్యంలో క్రైస్తవ ప్రేమ గురించి మా పెదనాన్న నిజంగా చేసిన ప్రసంగం ఇదొక్కటే, అదీ నోరు మూసుకుని చేశాడు. పూర్తిగా మారిపోయాడని అనుకోకండి, "ఒలే, నీల్లు" చివరిదాకా ఉంది. కాకపోతే సుగుణను వెళ్ళమని మళ్ళీ అనలేదు. ఇసుక, బండ ఉపమానం కూడా మానేశాడు. పెద్దమ్మ ఆయన్ని మళ్ళీ పేరుతో పిలవలేదు కానీ, సాయంత్రం ప్రార్థనలో దావీదు వచ్చిన చోట దావీదు అనే చదివేది. అలా చదివినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి తలెత్తేవాడు.

ఇప్పుడు రోజులు మారాయంటారు. మారాయి, కాదనను. ఇప్పటి పిల్లలు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తున్నారు, బంగారం అంటున్నారు, ఇంకా ఏవేవో అంటున్నారు. కూటాల్లో ఒకరి నోట్లో ఒకరు కేకు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. అయినా బుగ్గ వాచి కాలేజీకొచ్చిన పిల్లను ఏమైందమ్మా అని నేను అడిగితే, ప్రార్థన చేసుకోమన్నారు మేడమ్ అనే జవాబే వస్తోంది. పేరు పలకడం చవకైపోయింది. ఆ రోజు పెద్దమ్మ పలికినప్పుడు దానికున్న వెల ఇప్పుడు లేదు.

ఇదంతా పాస్టరుగారికి చెప్పాను. పది నిమిషాల్లో ఇదే మాట్లాడతానని, పెద్దమ్మ పేరు కరపత్రంలో వెయ్యాలని, ముందు వరుసలో ఆవిడకు కుర్చీ వెయ్యాలని చెప్పాను. ఆయన సెల్‌ఫోనులో టైము చూసుకున్నాడు. ఆయన భార్య పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఆయన ఒడిలో కూర్చోబెట్టేసింది. "నా పేరు కెజియా మేడమ్" అంది. పిల్లాడు మళ్ళీ రాగం తీశాడు, ఈసారి ఆవిడ ఎత్తుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక సోంపేటకు ఫోన్ చేశాను. సుగుణ ఎత్తింది. ఇప్పుడు ఆవిడకు అక్కడ సొంతంగా పొట్టు తీయించే షెడ్డు ఉంది. పెదనాన్న పోయాక పెద్దమ్మ ఆవిడ దగ్గరే ఉంటోంది. ఫోన్ పెద్దమ్మకిచ్చింది. పెదనాన్న పేరున పలాసలో దంపతుల కూటం పెడుతున్నారని, తను తప్పకుండా రావాలని చెప్పాను.

"ఎంతమందికి వండాల?" అంది.

"వంట మనది కాదే పెద్దమ్మా. కేటరింగోల్లు వండుతారు. నువ్వు లోపల కుర్సీలో కూకోవాల, అంతే."

"అయితే వత్తాను" అంది. "అన్నేల్లు ఆ పందిట్లో ఏటి సెప్పేవోడో, ఒక్కసారైనా ఇనాల."